చిలకమ్మ పసుపు గని

మా ఆఫీసు పేరు ఒక్క బోర్డు మీద పట్టదు. అందుకని రెండు బోర్డులు రాయించి గేటుకి చెరోవైపు తగిలించాం. బస్టాండు వైపు నుంచి వచ్చేవాళ్ళకి 'పర్వతశ్రేణి భూగర్భ వనరుల' అనీ, సంత వైపు నుంచి వచ్చేవాళ్ళకి 'సంభావ్యతా మండలి, ప్రాంతీయ కార్యాలయం' అనీ కనిపిస్తుంది. రెండూ కలిపి చదివిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. నేనక్కడ హెడ్ గుమాస్తాని. పేరు సూరపునాయుడు.

"మీరు కొండలు తవ్వుతారా బాబూ?" అని సంతలో ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. తవ్వడం మా పని కాదు. తవ్వితే లోపల ఏముందో తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఇంక సంభావ్యత ఎక్కడ ఏడుస్తుంది? తూర్పు కనుమల్లో మాకు అప్పగించిన కొండల్లో దేని కడుపులో ఏముండవచ్చునో చెప్పడమే మా ఉద్యోగం. ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా బండి నడిచిపోతోంది.

అలాంటి సమయంలో రాజధానిలో ఉండే మా ఛైర్మన్‌గారికి ఒక ఉత్సాహం పుట్టింది. దానికి 'శూన్యరహిత పర్వత మహోద్యమం' అని పేరు పెట్టి అన్ని ప్రాంతాలకూ ఉత్తర్వు పంపించారు. "ఇకమీదట ఏ కొండ పేరు ఎదుటనూ 'శూన్యము' అని వ్రాయరాదు. ఒక పర్వతము కోట్ల సంవత్సరములుగా నిలబడియున్నదనగా ఏదో ఒకటి కడుపున పెట్టుకొనియే నిలబడియుండును. దానిని కనుగొనలేకపోవుట అధికారి లోపమే గాని పర్వతము లోపము కాదు." కింద ఒక నిర్వచనం కూడా ఇచ్చారు. "భూగర్భ వనరు అనగా భూమి ఉపరితలము క్రింద సహజముగా గాని, అన్యథా గాని ఉండి, తవ్వి తీయదగి, విలువ గల సమస్త పదార్థము." ఆ 'అన్యథా గాని' అన్న ముక్క ఏ మహానుభావుడు ఇరికించాడో గాని, కొంప ముంచింది అదే.

మా డైరెక్టరు డాక్టర్ సత్యభూషణ్‌గారు ఆ ఉత్తర్వు చదివి కళ్ళకద్దుకున్నారు. వారంలో మా కొండలన్నిటికీ ఏదో ఒకటి కుదిరిపోయింది. ఒకదానికి మాంగనీసు, ఒకదానికి గ్రాఫైటు. ఒకదానికి ఏం రాయాలో తోచక 'అరుదైన' అని మాత్రం రాసి, ఏది అరుదో రాయకుండా వదిలేశాం. చివరికి జీలుగు కొండ ఒక్కటే మిగిలింది.

ఆ కొండ చూడ్డానికి కరుణకుమారిని పంపించారు. కొత్తగా వచ్చిన జియాలజిస్టు. పిల్ల మంచిదే గాని, చూసింది చూసినట్టు చెప్పే రోగం ఉంది. కొండంతా తిరిగి, బూట్లనిండా మట్టితో డైరెక్టరుగారి గదిలోకి వచ్చి నిలబడింది.

"అంతా ఖోండలైటు రాయే సార్. వంద కోట్ల ఏళ్ళకి పైబడింది. మధ్యమధ్య ఎర్రటి గార్నెట్ చుక్కలు, చూడ్డానికి చాలా బావుంటుంది. పనికొచ్చేది మాత్రం ఏమీ లేదు."

"అమ్మాయీ, 'ఏమీ లేదు' అన్న పదబంధం ప్రస్తుతం వాడుకలో లేదు" అన్నారు డైరెక్టరుగారు. "మరొకసారి ఆలోచించి సెలవియ్యి. ఉపరితలం క్రింద నీ దృష్టికి వచ్చినదేమిటి?"

కరుణ అప్పటికే ఆకలితో ఉంది. "పసుపు సార్! అక్కడివాళ్ళు వేసుకున్న పసుపు. జానెడు లోతున ఉంది. గునపంతో తవ్వితే వస్తుంది. సంతలో అమ్మితే డబ్బులొస్తాయి. చాలా?"

వెటకారమని నాకు తెలిసింది, ఆమెకీ తెలుసు. డైరెక్టరుగారు మాత్రం ఉత్తర్వు తీసి, నిర్వచనం మీద వేలు పెట్టి మెల్లగా చదువుకున్నారు. ఉపరితలం క్రింద ఉన్నదా? ఉన్నది. సహజంగా కాకపోయినా అన్యథా ఉన్నది. తవ్వి తీయదగినదా? అవును. విలువ? సంతలో ఎవరినైనా అడగవచ్చు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నాయుడూ, రాసుకో. జీలుగు కొండ. వనరు, పసుపు. నిక్షేపం లోతు, జానెడు. తల్లి దుంపని 'మాతృ నిక్షేపం' అనీ, కొమ్ముల్ని 'శాఖా నిక్షేపాలు' అనీ పేర్కొను. ఏటేటా మళ్ళీ ఊరుతుంది గనక, ప్రపంచంలోనే తొలి పునరుత్పాదక ఖనిజమని ఒక వాక్యం చేర్చు."

"సార్, నేను ఊరికే అన్నాను సార్!" అంది కరుణ నెత్తి పట్టుకుని.

"శాస్త్రంలో గొప్ప ఆవిష్కరణలన్నీ ఊరికే జరిగినవే" అన్నారాయన. నేను రాసేశాను. చెప్పింది రాయడం నా పని.

ఖనిజమని తేలాక దాన్ని ఎవరుబడితే వాళ్ళు పెరుక్కుపోతే ఊరుకుంటామా? మర్నాడే జీలుగు కొండ వాలులో ఉన్న పసుపు చేను చెక్కలో బోర్డు పాతించాం. 'ఖనిజ క్షేత్రము. అనుమతి లేనిదే తవ్వరాదు.' బోర్డు పాతడానికి గొయ్యి తవ్వినప్పుడు రెండు కొమ్ములు బయటపడితే, వాటిని అక్రమ తవ్వకంగా లెక్కగట్టి, మా అటెండరు సంజాయిషీ కూడా తీసుకున్నాం. మా దగ్గర పక్షపాతం లేదు.

ఆ పసుపు చెక్క వంతల చిలకమ్మది. జీలుగు కొండ కింద గూడెంలో ఉంటుంది. మొగుడు పోయాక, రెండేళ్ళకోసారి తీసే ఆ పసుపుతోనే ఇల్లు గడుపుకొస్తోంది. బోర్డు పాతిన రోజు సాయంత్రమే ఆఫీసుకి వచ్చేసింది. నడుంకి కొంగు బిగించి, చేతిలో గునపంతో.

"నాయుడు బాబూ, నా పసుపు నన్ను తవ్వుకోవద్దంతన్నారేటి?"

"అది పసుపు కాదమ్మా. నిక్షేపం."

"నానే పాతినాను గదా! గొప్పు తవ్వినాను, పేడ గత్తమేసినాను. ఆకు పండిపోనాది, ఇప్పుడు తియ్యకపోతే ఎప్పుడు తీస్తాను? వాన పడిందంటే దుంప మొలకెత్తిపోతాది, కుళ్ళిపోతాది. అమ్ముకోడానికీ ఉండదు, ఇత్తనానికీ ఉండదు. రెండేళ్ళ కష్టం బాబూ!"

వాన మాట నాకూ తెలియంది కాదు. ఎండాకాలం వానలు దగ్గర్లోనే ఉన్నాయి. కానీ నేనేం చెయ్యను? డైరెక్టరుగారే గదిలోంచి బయటికి వచ్చారు.

"చూడమ్మా, నీవు నిరాశ చెందనక్కరలేదు. మండలి నిన్ను తవ్వవద్దనడం లేదు. గని లీజుకు దరఖాస్తు చేసుకుని, గని యజమానురాలివై, శాస్త్రీయంగా తవ్వుకోమంటోంది. ఇది నీకు హోదా."

చిలకమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మీ దుంపలు తెగ! నా దుంపలు నాను తీసుకోడానికి మీ హోదా ఏటయ్యా?"

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. "దుంపలు తెగుతాయని సదరు మహిళ స్వయంగా ప్రస్తావించినది. అశాస్త్రీయ తవ్వకంలో మాతృ నిక్షేపం ఖండితమయ్యే ప్రమాదం ఉన్నదని దీనివల్ల రుజువవుతున్నది. రాసుకో."

ఆ గునపాన్ని 'భారీ యంత్రము' కింద ఆఫీసులో జమ చేసుకున్నాం. చిలకమ్మ వట్టి చేతులతో వెళ్ళిపోతుంటే, కరుణ వెనకాలే పరిగెత్తి, "అమ్మా, నా వల్లే వచ్చింది ఇదంతా. నేను చూసుకుంటాను, దరఖాస్తు నేను రాస్తాను" అంది.

"ఏటి సూస్తావో ఏటో పాపా. మబ్బు నీ మాట ఇంతాదా?" అంది చిలకమ్మ.

దరఖాస్తు వెళ్ళింది. గనిలో దిగేవాళ్ళందరికీ ఇనప టోపీలుండాలన్నారు. నిలబడితే మోకాలి దాకా కూడా రాని గోతిలో టోపీ ఎందుకని కరుణ అడిగింది. వంగినప్పుడు తల ఉపరితలానికి దగ్గరవుతుంది కాబట్టి అన్నారు డైరెక్టరుగారు. పేలుడు పదార్థాలు వాడబోమని హామీ ఇమ్మంటే చిలకమ్మ వేలిముద్ర వేసింది. దీపావళికి కూడా వాడబోనని విడిగా ఇంకొకటి వెయ్యమన్నాం. అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రజాభిప్రాయ సేకరణ సభ.

గూడెంలో షామియానా వేయించాం. కుడివైపు కుర్చీ గని యజమానికి, ఎడమవైపు కుర్చీ గని వల్ల భూమి పోగొట్టుకునే నిర్వాసితులకి. పేర్లు పిలవడం నా వంతు.

"గని యజమాని, వంతల చిలకమ్మ!"

చిలకమ్మ వచ్చి కుడివైపు కూచుంది.

"నిర్వాసితురాలు, వంతల చిలకమ్మ!"

ఊరంతా గొల్లుమని నవ్వారు. డైరెక్టరుగారు బల్ల చరిచారు. "నిర్వాసితుల గొంతు వినకుండా ఈ మండలి ఒక్క అడుగు కూడా ముందుకు వేయదు!" చిలకమ్మ లేచి ఎడమవైపు వెళ్ళింది.

"నీ భూమిని గని యజమాని తీసుకుంటున్నది. నీకేమైనా అభ్యంతరం ఉన్నదా?"

"నా బూమి నానెందుకు తీసుకుంతాను బాబూ? నాదే గదా!"

"అభ్యంతరం ఉన్నది, రాసుకో నాయుడూ. ఇప్పుడు యజమాని సమాధానం చెప్పాలి." చిలకమ్మ మళ్ళీ కుడివైపు. "నిర్వాసితురాలి కుటుంబంలో ఒకరికి గనిలో ఉద్యోగం ఇస్తావా?"

"నాకే నానా?"

"నీకు కాదు. ఆమెకి" అని ఖాళీ కుర్చీ చూపించారు.

చిలకమ్మ ఆ కుర్చీ వైపు కాసేపు చూసి, "ఇస్తాను. పాపం, పనిమంతురాలే" అంది. ఊళ్ళోవాళ్ళు ఈసారి చప్పట్లు కొట్టారు. నాకు ముచ్చటేసింది. అంత సామరస్యంగా ముగిసిన సభని నా సర్వీసులో చూడలేదు. షామియానా విప్పుతుంటే మాత్రం ఆమె స్తంభానికి చేరగిలబడి, ఆకాశం కేసి చూస్తూ, "నవ్వుతున్నారు గానీ, నా పసుపు పోతే నానేటి తినాలి?" అంది. ఎవరితో అన్నదో తెలియలేదు.

ఈలోగా మా పసుపు సంగతి అన్ని ప్రాంతాలకీ పాకింది. నదీ తీరపు ఆఫీసువాళ్ళు కంద కనుక్కున్నారు. ఉల్లిగడ్డల్ని పొరలు పొరలుగా ఉన్నాయి గనక 'అవక్షేప శిల'ల్లో చేర్చాలని ఒకాయన వ్యాసం రాశాడు. మెట్ట ప్రాంతం వాళ్ళయితే ఏకంగా చమురు దొరికిందని ప్రకటించారు. భూమిలోంచి తీసి పిండితే నూనె కారుతోందన్నారు. అది వేరుశనగ. అయినా చమురు చమురే కదా! రాజధానిలో మిఠాయిలు పంచారట. మా డైరెక్టరుగారికి రెండు రోజులు అన్నం సయించలేదు.

"ముందు కనుగొన్నది మనం. మనకి చమురు తట్టలేదు" అని బాధపడ్డారు.

చివరికి లీజు మంజూరైంది. చిలకమ్మకి కరుణే స్వయంగా వెళ్ళి చెప్పింది. వెంటనే గునపం కోసం వచ్చిందావిడ. కానీ తొలి తవ్వకం ఛైర్మన్‌గారి అమృత హస్తాలతో జరగాలి. వారు సోమవారం వస్తామన్నారు. తరవాత గురువారమన్నారు. ఆ తరవాత మళ్ళీ సోమవారమన్నారు, ఏ సోమవారమో చెప్పలేదు. కొండ మీద రోజూ మధ్యాహ్నానికి మబ్బు కమ్మి, సాయంత్రానికి విడిపోతోంది. చిలకమ్మ రోజూ వచ్చి మా వరండాలో కూచునేది. పోట్లాడటం కూడా మానేసింది. అది చూళ్ళేక నేను లోపలి బల్ల దగ్గరికి మారిపోయాను.

ఎట్టకేలకి ఛైర్మన్‌గారు దిగారు. వెనక కార్ల వరస. కొండ అప్పటికే నల్లబడి ఉంది. ఈదురుగాలికి బ్యానరు టపటప కొట్టుకుంటోంది. ఛైర్మన్‌గారు ఇనప టోపీ పెట్టుకుని, వెండి తొడుగు వేసిన గునపంతో రెండు పోట్లు పొడిచారు. ఒక దుంప గుత్తి పైకి వచ్చింది. ఫొటోలు తీశారు. వారు దాని మట్టి దులిపి, ఒక కొమ్ము విరిచి, వాసన చూసి, ఆగిపోయారు.

"ఇది పసుపు కదయ్యా!"

చిలకమ్మ ముఖం ఒక్కసారి వెలిగింది. "అవును బాబూ, పసుపే! ఆమాటే నాను మొదట్నించీ..."

"అదే నేనంటున్నాను. పసుపు మాత్రమే ఉంది. నదీ తీరం వాళ్ళు కందతోపాటు చేమ కూడా చూపించారు. మీ కొండకి ఒక్కటే ఖనిజమా?" అన్నారు ఛైర్మన్‌గారు విచారంగా. "సరే. ఈ నమూనాను ప్రయోగశాలకు పంపండి. నాణ్యత ధ్రువీకరణ వచ్చిన పిమ్మట మిగతా తవ్వకం మొదలుపెట్టవచ్చు."

"ఎన్నాళ్ళకొస్తాది బాబూ?" అంది చిలకమ్మ.

"త్వరలోనే అమ్మా. వానాకాలం వెళ్ళేలోగా."

చిలకమ్మ అక్కడే గట్టు మీద కూలబడిపోయింది. ఏడవలేదు. మట్టి పిడికిట్లోకి తీసుకుని వదులుతూ, తీసుకుని వదులుతూ కూచుంది. అప్పుడే మొదటి చినుకు నా కళ్ళజోడు మీద పడింది. అందరూ కార్ల కేసి పరుగు తీశారు.

"ఆగండి!" అని అరిచింది కరుణ. ఆ పిల్లకి అంత గొంతుందని నాకు తెలియదు. "గనిలో నీరు చేరుతోంది సార్! ఇది ప్రమాద పరిస్థితి! గని భద్రతా నిబంధన ప్రకారం, నీరు చేరు సమయమున ఆవరణలో నున్న ప్రతి ఒక్కరును, హోదాతో నిమిత్తము లేకుండా, ఖనిజమును సురక్షిత ప్రదేశమునకు తరలించవలెను. తరలించని పక్షమున నష్టమునకు ఆవరణలోని అత్యున్నత అధికారియే బాధ్యుడు!"

ఆ నిబంధన ఏ పుస్తకంలో ఉందో నేను ఇంతవరకూ వెతకలేదు. వెతకబోను కూడా. 'బాధ్యుడు' అన్న మాట చెవిన పడగానే ఛైర్మన్‌గారు కారు తలుపు వదిలేసి డైరెక్టరుగారి కేసి చూశారు. డైరెక్టరుగారు నా కేసి చూశారు. నా కింద అటెండరే ఉన్నాడు, వాడు అప్పటికే చేలో ఉన్నాడు.

ఇంక చూడాలి ఆ సంబరం! కోట్లు విప్పేశారు, ప్యాంట్లు మడిచేశారు. గూడెంలో గునపాలన్నీ దిగాయి. దొరకనివాళ్ళు చేతులతోనే మట్టి గోకుతున్నారు. చిలకమ్మ లేచి కొంగు బిగించి, చేనుకి ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరుగుతూ మేస్త్రీ పని చేసింది. "కొమ్ము ఇరిచీకు బాబూ, మెల్లగ! ఓ బట్టతల బాబూ, గునపం దూరంగా ఎయ్యి, దుంప మీద పడతంది!" బట్టతల బాబంటే ఛైర్మన్‌గారు. వారు కిక్కురుమనకుండా దూరంగా వేశారు. డైరెక్టరుగారు బురదలో చతికిలబడి, మాతృ నిక్షేపాలు వేరు, శాఖా నిక్షేపాలు వేరు చేస్తున్నారు. వాన జోరందుకునే సరికి చేనంతా ఖాళీ అయి, పసుపంతా చిలకమ్మ పంచలోకి చేరింది. ఒక్క కొమ్ము తడిసి పోలేదు.

ఆవిడ కుప్ప పక్కన కూచుని, రెండు చేతులతో దాన్ని నిమురుతూ, ఇప్పుడు ఏడ్చింది. కరుణ ఆవిడని పట్టుకుని ఏడ్చింది. నాకు కూడా కళ్ళలో ఏదో పడింది.

తవ్వకం విజయవంతమైందని ఛైర్మన్‌గారు అభినందన పంపారు. కానీ అసలు చిక్కు తరవాతగాని మా బుర్రలకెక్కలేదు. నిక్షేపం మొత్తం తీసేశాం. ఇప్పుడు జీలుగు కొండలో ఏముంది? శూన్యం! డైరెక్టరుగారు నన్నూ కరుణనీ వెంటబెట్టుకుని, వానలో గొడుగేసుకుని, గూడేనికి బయల్దేరారు.

"చిలకమ్మగారూ," అన్నారు. అమ్మా అనే మనిషి గారూ అంటుంటే నాకే సిగ్గేసింది. "దయచేసి ఆ క్షేత్రంలో తిరిగి నిక్షేపాన్ని నిక్షిప్తం చేయాలని మండలి తరఫున అభ్యర్థన."

"పసుపెయ్యమంటావా బాబూ?"

"అవునవును. వెంటనే."

"ఎయ్యను" అంది చిలకమ్మ. కోపంగా కూడా అనలేదు. "కింద ఏటి పెట్టినా మీదయిపోతంది. మా అత్త నాటి ఇత్తనం, వదులుకోడానికి పేణం ఒప్పదు గానీ, దాన్ని మా అన్న ఊరు పంపించీసినాను. ఈ ఏడు పైన పండేదే ఏస్తాను. ఎన్ను పైనుంటాది, కోసుకుంటాను. మీకూ నాకూ తగువుండదు."

"పైన పండేదా? ఏమిటది?"

"సోళ్ళు బాబూ. మీ దేశంలో రాగులంతారు."

డైరెక్టరుగారు తిరుగుదారి పట్టారు. నాకు జాలేసింది. ఆఫీసుకి వచ్చి, తడి గొడుగు మూల పెట్టి, కుర్చీలో కూలబడి, "జీలుగు కొండ ఎదుట ఏమని రాద్దాం నాయుడూ? ఆమె ఏం వేస్తానన్నది?" అన్నారు నీరసంగా.

"రాగి సార్" అన్నాను.

ఆయన మెల్లగా తలెత్తారు. చెమ్చాలూ చెంబులూ కరెంటు తీగలూ అన్నీ ఆయన కళ్ళలో మెరవడం నేను చూశాను.

"రాగి" అన్నారు. "జీలుగు కొండలో రాగి."

"సార్, వద్దు సార్! అది గింజ సార్, జావ కాచుకుంటారు!" అని కరుణ బల్ల మీదికి వంగిపోయింది. అప్పటికే నేను రాసేశాను. అక్షరాలు సరిగానే ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. రాజధాని నుంచి అదే రోజు ఫోను వచ్చింది. మెట్ట ప్రాంతం వాళ్ళ చమురు కంటే మా రాగికే ఎక్కువ పేరొచ్చిందట.

నారు చేలోకి మార్చి, నాలుగాకులు వేసే సరికి మా బోర్డు సిద్ధమైంది. పాతించడానికి నేనూ కరుణా వెళ్ళాం. చిలకమ్మ కలుపు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, "ఏటి రాసినారు పాపా ఈపాలి?" అని అడిగింది.

కరుణ తల వంచుకుని చదివింది. "రాగి నిక్షేప క్షేత్రము. అనుమతి లేనిదే కోయరాదు."

చిలకమ్మ ఆ బోర్డు కేసి, పచ్చటి చేను కేసి, మా ఇద్దరి కేసి చూసింది. అరుస్తుందనుకుని నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ అరవలేదు. మా దగ్గరికి వచ్చి, ఇంటికొచ్చిన చుట్టాల్ని కూర ఏం వండమని అడిగినంత మామూలుగా అడిగింది.

"నువ్వు సదువుకున్నదానివి, సెప్పు పాపా. మీ ఆఫీసుకి పేరు తెలీని పంట ఏదైనా ఉందేటి? అదే ఏసుకుంటాను."